స్పృహ తప్పే సాక్షి

మూడోసారి కూడా సాక్షి స్పృహ తప్పింది.

కేక లేదు, మూలుగు లేదు. అప్పటిదాకా పడగ విప్పిన పాములా బుసకొడుతున్నది కాస్తా చటుక్కున నల్లబడిపోయింది. నాగేశ్వరి దాని పొట్ట కింద అరచెయ్యి పెట్టి, పెట్టినదానికన్నా వేగంగా తీసేసింది.

"ఇంకాసేపు ఆగి ఉంటే దీని మీద పెసరట్టు పోసుకునేవాళ్ళం," అంది.

బల్లకి అవతల కూర్చున్న యుస్రాకి నవ్వు రాలేదు. ఆ పిల్ల నిన్నటి నుంచి కంటి మీద రెప్ప వెయ్యలేదని మొహమే చెబుతోంది.

"ఇది గిట్లనే మేడమ్. వేసిన జరసేపటికే పోతది. ధాత్రి దీన్ని ఫ్యాన్ ముందల పెట్టి, మాటిమాటికి ఆపి, బుజ్జగించి నడిపిస్తుండె. నాతోని అయితలేదు."

"మూర్ఛ రోగం ఉన్న సాక్షిని పట్టుకొచ్చావమ్మాయ్. పేరు చెప్పేలోపే పడిపోతోంది."

అయినా ఈసారి పడిపోయే ముందు ల్యాప్‌టాప్ ఒక్క ముక్క చెప్పింది. తెర మీద 'ఇంటర్వ్యూలు' అని ఒక ఫోల్డరు కనిపించింది. నొక్కితే విడిగా పాస్‌వర్డ్ అడిగింది. మిషిన్ తెరిచే పాస్‌వర్డ్ యుస్రాకి తెలుసు గానీ, దీనికి తెలియదు.

నాగేశ్వరి వృత్తి పెళ్ళికొడుకుల వాకబు. పంజాగుట్టలో ఒక బట్టల షాపు మీద, మూడో అంతస్తులో ఆఫీసు. అబ్బాయి చెప్పిన ఉద్యోగం ఉందా, తాగుతాడా, ఇదివరకే ఎక్కడైనా ఒక తాళి కట్టి వచ్చాడా అని తేల్చడం ఆవిడ పని. ఆవిడ వెనకాల పడ్డాక ముగ్గురు పెళ్ళికొడుకులు సన్యాసుల్లో కలిసిపోయారని చెప్పుకుంటారు. అంత లేదు. కలిసింది ఒక్కడే. మిగతా ఇద్దరూ విజయవాడ వెళ్ళిపోయారు. ఆషాఢం కావడంతో ఇప్పుడు పెళ్ళిళ్ళూ లేవు, వాకబులూ లేవు. మంచి ముహూర్తాల రోజుల్లో అయితే హాస్టల్ పిల్ల తప్పిపోయిన కేసు ఆవిడ బల్ల దాకా వచ్చేది కాదు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. ఈసారి ఏడవకుండా."

యుస్రా ముక్కు ఎగబీల్చి చెప్పింది. అమీర్‌పేటలో తనూ ధాత్రీ ఒకే హాస్టల్ గదిలో ఉంటారు. అదే బిల్డింగులో కింది అంతస్తుల్లో 'వింధ్య టెక్' అనే కోచింగ్ సెంటరు ఉంది. ధాత్రి అందులో పాఠం చెబుతుంది. యుస్రా ఆమె దగ్గరే నేర్చుకుంటోంది. నిన్న పొద్దున ధాత్రి ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని సెంటరులోకి దిగింది. మళ్ళీ పైకి రాలేదు.

"రాత్రి ఏడింటికి ఆన్‌లైన్ క్లాస్ తీసుకున్నది మేడమ్. నేను రూంల కూసొని విన్న. కెమెరా బంద్ ఉండె, గొంతు మాత్రం ఆమెదే. తొమ్మిదింటికి అయిపోయింది. అయినంక మెసేజ్ వచ్చింది, ఉద్యోగం ఇడిసిపెట్టిన, ఊరికి పోతున్న అని. పొద్దుగాల చూస్తే ఈ బ్యాగ్ గేటు కాడ వాచ్‌మన్ కుర్చీల ఉన్నది."

"ఊళ్ళో కనుక్కున్నావా?"

"వాళ్ళ అక్కకు ఫోన్ చేసిన. రాలేదన్నది. పోలీసోళ్ళేమో, పెద్ద పిల్ల, మెసేజ్ పెట్టి పోయింది, రెండు రోజులు చూడున్రి అన్నరు. బట్టలన్నీ రూంలనే ఉన్నయి. చార్జర్ ఉన్నది. ఊరికి పోయేటోళ్ళు దువ్వెన సుత ఇడిసిపెట్టి పోతరా?"

నాగేశ్వరి చల్లారుతున్న ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి, వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుంది.

"ఇదేంటమ్మాయ్, దీనికి సీమంతం చేశారా?"

వెనక అంచు పొడుగునా పసుపు. దాని మీద పావలా అంత కుంకుమ బొట్టు.

"ఆమెనే చేసింది. పోయిన నెల సెకండ్‌హ్యాండ్‌ల కొన్నది. బల్కంపేట పోయి ఎల్లమ్మ కుంకుమ తెచ్చి, రూంలనే పూజ చేసింది. పసుపు తడిపి పూసింది, అక్షింతలు ఏసింది. నేను అన్న, మిషిన్‌కు అన్నం పెడ్తున్నవేందే అని. నవ్వింది."

నాగేశ్వరి టార్చి వేసి చూసింది. పసుపు ముద్ద సరిగ్గా వేడిగాలి బయటికొచ్చే జాలీ మీద ఎండి, గోడకి మెత్తిన సున్నంలా గట్టిపడింది. దాని వెనక, లోపలి ఫ్యాను రెక్కల పక్కన, పసుపుపచ్చటి బియ్యపు గింజలు హాయిగా కాపురం ఉంటున్నాయి.

"బండికి పూజ చేసేవాళ్ళు కూడా పొగగొట్టం వదిలేసి బొట్టు పెడతారు. ఈ పిల్ల భక్తి కొద్దీ దీని ముక్కు మూసేసింది. ఇంక ఊపిరెక్కడాడుతుంది?"

రోగం తెలిసింది. కానీ ఆవిడ టార్చి ఇంకా ఆర్పలేదు. కుంకుమ బొట్టు కింది నుంచి ఒక సన్నటి ఎర్రని చార కారి, అంచు దాటి, అడుగు భాగం దాకా పాకింది.

"ఈ చార ముందు నుంచీ ఉందా?"

"లేదు. నిన్న పొద్దుగాల నేనే తుడిచి బ్యాగుల పెట్టిన. అప్పుడు లేకుండె."

"నిన్న వాన పడిందా?"

"చుక్క పడలే. ఉక్కతోని సచ్చినం."

వాన లేకుండా కుంకుమ కారింది. నాగేశ్వరి ఆ మాటని ఇంకా నమిలి మింగకముందే తలుపు తెరుచుకుంది.

తలుపు కొట్టకుండా లోపలికి రావడమే డిటెక్టివ్ లక్షణమని తారక్‌కి ఎవరో చిన్నప్పుడే చెప్పి ఉంటారు. నల్ల టీషర్టు, నల్ల కళ్ళద్దాలు, నల్ల బూట్లు. ఇతగాడు నీడలో నడిస్తే బూట్ల చప్పుడు మాత్రమే వెళ్ళినట్టుంటుందని పంజాగుట్టలో ఒక వేళాకోళం. ఉద్యోగానికి వచ్చినవాళ్ళు తాము చెప్పిన చోట నిజంగా పనిచేశారా లేదా అని కంపెనీల తరఫున ఆరా తీసి సర్టిఫికెట్ ఇవ్వడం అతని వ్యాపారం. పెళ్ళికొడుకుల ఉద్యోగాల విషయంలో అతను 'నిజం' అన్నవి రెండుసార్లు నాగేశ్వరి 'అబద్ధం' అని తేల్చింది. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకుంటారు. ఆ నవ్వు చూసినవాళ్ళు పక్కకి తప్పుకుంటారు.

"ఏంటి నాగేశ్వరి గారూ, పెళ్ళికొడుకులు అయిపోయారా? కంప్యూటర్లకి సంబంధాలు చూస్తున్నారా?"

"చూస్తున్నా నాయనా. నీ ఎరికలో బుద్ధిమంతుడైన ప్రింటరు ఉంటే చెప్పు."

"అది వింధ్య టెక్ వాళ్ళ ల్యాప్‌టాప్. తీసుకురమ్మన్నారు. ఈ అమ్మాయి ఇక్కడికొచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు."

యుస్రా కుర్చీలోంచి లేచింది. "ఝూట్! ధాత్రి కొన్నది ఇది. నేను సుత పోయిన ఆమె వెంట."

"మిషిన్ ఆమెదే కావచ్చు చెల్లెమ్మా. అందులో పాఠాలు వాళ్ళవి."

"ఉద్యోగాల జాతకాలు చూసేవాడివి, సంచులు మొయ్యడం ఎప్పుడు మొదలెట్టావు తారక్?" అంది నాగేశ్వరి.

"క్లయింటు ఏం చెబితే అది. మీకు లేరు కాబట్టి మర్చిపోయుంటారు."

"ధాత్రి ఎక్కడ?"

"ఊరెళ్ళింది. నిన్న ఏడు నుంచి తొమ్మిది దాకా సెంటర్లో తన క్యాబిన్లో కూర్చుని క్లాసు చెప్పింది. బ్యాగు తీసుకుని దిగిపోయింది. ఓనరు వంశీకృష్ణ గారు కళ్ళారా చూశారు. ఇందులో కేసు లేదు, మీరు వెతక్కండి."

"రెండు గంటలూ క్యాబిన్లోనే?"

"రెండు గంటలూ."

"ఈ ల్యాప్‌టాప్ మీదే?"

"ఆమె పాఠాలన్నీ దీంట్లోనే ఉంటే ఇంకెందులో చెబుతుంది?"

నాగేశ్వరి ల్యాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి, తారక్ చాపిన చెయ్యి పక్క నుంచి యుస్రాకి అందించింది.

"పద నాయనా. మీ ఓనరు గారి చేతికే ఇద్దాం. కళ్ళారా చూసిన కళ్ళు ఎలా ఉంటాయో నేనూ చూస్తాను."

*

ధాత్రి క్యాబిన్ మొదటి అంతస్తులో ఉంది. చెక్క గోడలు, కిటికీ లేదు. గోడకి ఏసీ ఉంది గానీ దాని మూతి కింద ఒక బకెట్టు, బకెట్టు అడుగున ఎండిన సాలెగూడు.

"వారం సంది బంద్ ఉన్నది," అంది యుస్రా. "ఈడ కూసుంటే ఇడ్లీ తీరుగ ఉడుకుతం."

వంశీకృష్ణ నలభై ఏళ్ళవాడు. గొంతులో పంచదార, నుదుటి మీద విభూతి, చేతిలో జేబురుమాలు. ఆ జేబురుమాలు మెడ మీద చేసిన ప్రయాణాలకి రైలు టికెట్టు కొనాల్సొస్తే మనిషి దివాలా తీసేవాడు. ఎడమ చెంప మీద వేళ్ళ వాపు ఉంది. పన్ను నొప్పి అన్నాడు, ఎవరూ అడక్కముందే.

"ఇక్కడే కూర్చుందా అండీ?" నాగేశ్వరి అడిగింది.

"ఇక్కడేనండి."

"ఈ కుర్చీలోనే?"

"ఈ కుర్చీలోనేనండి."

"తలుపు?"

"వేసుకుందండి. పిల్లల అల్లరి వినపడకుండా."

"ఫ్యాను?"

"ఫ్యాను చప్పుడు మైకులోకి వస్తుందని ఆపేసుకుంటుందండి. పాపం, చాలా కష్టపడే పిల్ల."

"అయితే మనమూ ఆపేద్దాం."

ఫ్యాను ఆపింది, తలుపు మూసింది. ల్యాప్‌టాప్‌కి చార్జర్ తగిలించి, తెరిపించి, యుస్రా చేత పాత క్లాసు వీడియో ఒకటి పెట్టించింది. నలుగురు మనుషులు, ఒక మిషిను, గుక్కెడు గాలి. వంశీకృష్ణ తలుపు వంక చూశాడు. నాగేశ్వరి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇది తిరుగుతూ ఉంటుంది గానీ, ఈలోగా మీకో సంగతి చెబుతా. మా మేనమామ ఒకాయన ఉండేవాడు. అబద్ధమాడితే ఆయనకి ఎడమ చెవి ఎర్రబడేది."

"ఇప్పుడు కథలెందుకండీ," అన్నాడు తారక్.

"నీకు కాదులే, ఆయనకి చెబుతున్నా. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి అడిగాడు, భూమి ఎంతుందీ అని. ఉన్నది అరెకరం. పదెకరాలన్నాడు. చెవి కాస్త రంగు తిరిగింది. చదువన్నాడు. బియ్యే అన్నాడు. చెవి దానిమ్మగింజలా అయింది. చుట్ట తాగుతారా బాబూ అన్నాడు. జన్మలో ముట్టలేదన్నాడు. దాంతో ఎంత ఎర్రబడిందంటే, పక్కన కూర్చున్న పురోహితుడు మంచి నిప్పు దొరికిందని వంగి, ఆ చెవి మీదే తన చుట్ట వెలిగించుకున్నాడు."

వంశీకృష్ణ చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది.

ల్యాప్‌టాప్ బుస హెచ్చింది. ఫ్యాను లోపల గింజలు గలగలలాడాయి. తెర మీది ధాత్రి చెయ్యెత్తి ఏదో వివరిస్తోంది, మాట మధ్యలో ఉంది, మిషిను నల్లబడిపోయింది.

గదిలో ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపించింది.

"మా మేనమామ పెళ్ళిచూపులు అయ్యేదాకా కూడా నడవలేదు," అంది నాగేశ్వరి. "నిన్న ఇదే గదిలో, ఇదే కుర్చీలో రెండు గంటలు ఎలా నడిచిందండీ?"

"నిన్న... బాగానే నడిచిందండి. ఇవాళేదో..."

"నిన్న సుత నడవలే!" యుస్రా గొంతు పెరిగింది. "మొదట్ల రెండుసార్లు కట్ అయింది. మేం గ్రూపుల రాసినం, మేడమ్ వినవస్తలేదని. చానసేపటికి మల్ల వచ్చింది. అప్పటి సంది ఆఖరుదాకా ఒక్కసారి సుత పోలే. అప్పుడే ఆమె గొంతు వణికింది మేడమ్. పండ్లు కొట్టుకుంటున్నట్టు. జలుబు చేసిందన్నది."

నాగేశ్వరి కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఆవిడ కళ్ళజోడు తుడిచిందంటే ఎవరి పెళ్ళో ఆగిపోయినట్టే.

"రెండుసార్లు ఇది ఈ ఉక్కలో పడిపోయింది. పాఠం ఆగితే పిల్లలు హాస్టల్ మెట్లు దిగి వస్తారు, మేడమ్ ఏదని అడుగుతారు. అందుకని దీన్ని చలిలోకి మోసుకెళ్ళారు, పాఠం చెప్పే పిల్లతో సహా. అక్కడ ఇది చల్లగా కూర్చుని ఆఖరుదాకా నడిచింది, పిల్ల వణికింది. అయిపోయాక ఉక్కలోకి తెచ్చారు. ఐసులోంచి తీసిన సోడా సీసాకి నీళ్ళు పట్టినట్టు దీని ఒంటికీ పట్టాయి. కుంకుమ కారింది."

"బాగుందండీ, కుంకుమ చూసి కేసు తేల్చేశారు," తారక్ చప్పట్లు కొట్టాడు. "అమీర్‌పేటలో ఏసీ గదులు కొదవా? ఏ స్నేహితురాలింట్లోనో కూర్చుని చెప్పుంటుంది."

"ఏసీ గదిలో పళ్ళు కొట్టుకోవు నాయనా. పైగా ఇందాక క్యాబిన్లో చెప్పిందన్నావు. ఇప్పుడు స్నేహితురాలింట్లో అంటున్నావు. నీ చెవి ఓసారి చూపించు."

వంశీకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు. చూపు నేల మీద ఉంది. సిగ్గుపడ్డవాడు చూసే చూపు కాదది. నేల కిందేదో ఉన్నవాడి చూపు.

నాగేశ్వరి బల్ల మీది గాజు గ్లాసు వంక చూసింది. అందులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చెప్పు విడిచి పాదం నేలకి ఆనించింది. కింద ఎక్కడో ఒక మోటారు తిరుగుతోంది.

"ఈ బిల్డింగు అడుగున ఏముందమ్మాయ్?"

"సెల్లార్. క్యాటరింగోళ్ళది. పెళ్ళిళ్ళకు వంటలు చేస్తరు. పెరుగు, కూరగాయలు ఖరాబ్ కాకుండ పెట్టనీకి పెద్ద కోల్డ్ రూం ఉన్నది."

"ఆషాఢంలో ఎవరి పెళ్ళి?"

వంశీకృష్ణ జేబురుమాలు మళ్ళీ మెడ మీదికి ప్రయాణం కట్టింది.

"ఈ నెలంతా ఆఫీసులో కూర్చుని ఈగలు తోలుకుంటున్నా. ముహూర్తాలు లేకపోతే నాకూ పనిలేదు, వంటవాళ్ళకీ పనిలేదు. వాళ్ళు తాళం వేసుకుని ఊళ్ళకి పోతారు. మరి ఖాళీ గదికి చలి ఎవరు పెట్టారు వంశీకృష్ణ గారూ? తాళంచెవి మీకిచ్చి వెళ్ళారా?"

"వద్దన్నానండి!" ఆయన గొంతులో పంచదార కరిగిపోయింది. "నేను వద్దనే చెప్పానండి, ఆడపిల్ల, చలికి తట్టుకోలేదని..."

"వంశీ గారూ!" తారక్ కేక వేశాడు. "ఇంకొక్క మాట మాట్లాడితే మీకే నష్టం. లాయరు వచ్చేదాకా నోరు మూసుకోండి." నాగేశ్వరి వైపు తిరిగాడు. అతని మొహంలో వెటకారం లేదు. "నేను మోసపోయానండీ. ఈయన చెప్పింది నమ్మి మీతో వాదించాను. ముందు ఆ పిల్లని చూద్దాం పదండి." అంటూనే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "హలో, కంట్రోల్ రూమా? అమీర్‌పేటలో ఒక అమ్మాయిని సెల్లారులో బంధించారు. అవును సార్, వెంటనే." అడ్రసు చెప్పాడు. "వస్తున్నారు."

యుస్రా అప్పటికే తలుపు తీసింది. నాగేశ్వరి ఆపింది.

"నువ్వు ఇక్కడే ఉండి ఈయన్ని కదలనివ్వకు. కదిలితే ఎదురుగా క్లాసులో ఉన్న పిల్లలందర్నీ కేకెయ్యి."

*

సెల్లారులో పెద్ద పెద్ద గుండిగలు బోర్లించి ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక చిన్న సంసారం కాపురం పెట్టొచ్చు, అద్దె కూడా అడగొచ్చు. మడతపెట్టిన షామియానా గుడ్డలు, గోడకి పేర్చిన బల్లలు. ఆ చివర గోడ నిండా ఒక ఉక్కు తలుపు. మోటారు హోరు అక్కణ్ణించే వస్తోంది. తలుపు మధ్యలో అరచెయ్యంత గాజు అద్దం, దాని మీద మంచు పొర.

నాగేశ్వరి పెద్ద పిడి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. తలుపు బండరాయిలా ఉంది.

"జరగండి," అన్నాడు తారక్. వంగి, పిడి వెనక, తలుపు అంచున దాగి ఉన్న ఒక ఇనప మేకుని చటుక్కున పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తోసి లాగాడు. తలుపు నిట్టూర్చినట్టు తెరుచుకుంది. చలి మొహం మీద కొట్టింది.

లోపల ఒక్కటే దీపం. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక గోనెపట్టాల గుట్ట. ఆ గుట్ట కదిలింది.

నాగేశ్వరి పరిగెత్తింది. ఆ వయసులో, ఆ ఒళ్ళుతో ఆవిడ అంత వేగంగా పరిగెత్తడం చూస్తే సన్యాసుల్లో కలిసిన ఆ పెళ్ళికొడుకు అడవిలో ఇంకాస్త లోపలికి పోయేవాడు. గోనెలు లాగి పారేసింది. అడుగున ఎర్ర షామియానా గుడ్డ చుట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ధాత్రి. పెదాలు నీలం. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అమ్మా, బంగారం, ఇటు చూడు. నేను నాగేశ్వరిని. యుస్రా పంపింది." ఆ పిల్ల చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. చేపల్లా ఉన్నాయి. "లేవగలవా? పోలీసులు వస్తున్నారు. ఇంకేం భయం లేదు."

ధాత్రి నోరు తెరిచింది. మాట గడ్డకట్టి బయటికి రానంది. రెండోసారికి వచ్చింది.

"తలుపు దగ్గర... ఎవరున్నారు?"

"తారక్ అని, నాలాంటివాడే. నోరు పెద్దది గానీ..."

ధాత్రి కళ్ళలోకి వచ్చిన భయం చూసి నాగేశ్వరి మాట ఆగిపోయింది. ఆగిన చోట ఇంకొకటి మొదలైంది. ఇనప మేకు. తలుపు అంచున, కంటికి కనిపించని చోట. తాను రెండుసార్లు లాగినా తెలియని కిటుకు. అతను వెతకలేదు, తడుముకోలేదు. సొంత ఇంటి గొళ్ళెం తీసినట్టు తీశాడు.

వెనక్కి తిరిగింది. తలుపు సందులో తారక్ నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి పిడి మీద. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పోలీసులు రారా నాయనా?" అంది నాగేశ్వరి.

"వాళ్ళకి ఎవరైనా ఫోన్ చేస్తే వస్తారండీ," అన్నాడు తారక్, మర్యాదగా. "పెళ్ళికొడుకుల దగ్గరే ఆగిపోయుంటే ఎంత బాగుండేది."

తలుపు పడింది. మేకు దిగిన చప్పుడు ఉక్కులోంచి ఒంట్లోకి దిగింది. ఆ తర్వాత దీపం ఆరింది. మోటారు హోరు ఒక మెట్టు హెచ్చింది.

నాగేశ్వరి తడుముకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపలి వైపు పిడి ఉండాల్సిన చోట రెండు స్క్రూ బెజ్జాలు తగిలాయి. పిడి ఊడదీసేశారు. ఫోను తీసింది. సిగ్నల్ సున్నా. నిన్న ఇక్కణ్ణించి పాఠం బయటికి వెళ్ళిందంటే తలుపు ఓరగా తెరిచి ఉంచుండాలి. చుట్టూ ఉక్కు, ఉక్కు మధ్య దూది. ఇందులోంచి ఏనుగు ఘీంకరించినా బయట దోమ పాడినట్టు కూడా వినపడదు.

"ఎందుకమ్మా ఇదంతా?" చీకట్లో అడిగింది, పిల్లని మాటల్లో పెట్టడానికి. మాట ఆగితే నిద్ర వస్తుంది, ఈ చలిలో నిద్ర రాకూడదు.

"ఇక్కడ చదివినవాళ్ళకి..." ధాత్రి పళ్ళ మధ్య నుంచి చెప్పింది. "పనిచెయ్యని కంపెనీల్లో ఏళ్ళ తరబడి చేసినట్టు రాసి ఉద్యోగాలకి పంపుతారు. నిజమేనని తారక్ సర్టిఫై చేస్తాడు. కంపెనీ వాళ్ళడిగితే ఏం చెప్పాలో అతనే పిల్లలకి నేర్పుతాడు. అవన్నీ రికార్డు చేశాను. ఆ ఫోల్డరులో పెట్టాను. నిన్న ఆపెయ్యమని తారక్‌ని అడిగాను. లేకపోతే బయటపెడతానన్నాను."

"మరి ల్యాప్‌టాప్ గేటు దగ్గరికి ఎలా వచ్చింది?"

"వంశీ గారు భయపడిపోయి అక్కడ పెట్టేశారు, నా వస్తువేదీ సెంటర్లో దొరక్కూడదని. అందులో ఏముందో తారక్ ఆయనకి చెప్పలేదు. బ్యాగు వదిలేశారని తెలిశాక ఆయన్ని నా కళ్ళముందే కొట్టాడు." కాస్త ఊపిరి తీసుకుంది. "ఇంకెక్కడైనా కాపీ ఉందా అని పొద్దుట్నుంచీ అడుగుతున్నాడు. లేదంటే నమ్మడు. ల్యాప్‌టాప్ చూసేదాకా నమ్మనన్నాడు. అందుకే నన్నింకా ఉంచాడు. అది ఎక్కడుంది మేడమ్? ఎక్కడైనా దాచే వచ్చారు కదా?"

నాగేశ్వరి చీకట్లో తలుపు మీది అద్దం కోసం తడిమింది.

"దాచే వచ్చారు కదా మేడమ్?"

నాగేశ్వరి తలుపు అద్దం దగ్గరికి పోయి, గోళ్ళతో మంచు గీకి, కొంగుతో తుడిచింది. బయట సెల్లారు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. గుండిగల పక్కన తారక్ ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు, సాయం కోసం తెగ కంగారుపడుతున్నవాడిలా.

మెట్ల మీద ముందు చెప్పులు కనిపించాయి. తర్వాత సల్వారు. తర్వాత భుజాన నల్ల సంచి.

యుస్రా.

పైన కాపలా ఉండమంటే ఆగలేకపోయింది పిచ్చిపిల్ల. తారక్ ఎదురు వెళ్ళాడు. ఏదో చెప్పాడు. చేత్తో వెనక సందు వైపు చూపించాడు. యుస్రా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని తెరిచి, నవ్వింది. నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది. ధాత్రి దొరికిందని చెప్పాడు. సందులో అంబులెన్సు ఉందని కూడా చెప్పే ఉంటాడు.

"యుస్రా!" నాగేశ్వరి రెండు పిడికిళ్ళతో తలుపు మీద గుద్దింది. "యుస్రా! ఇటు!"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి ఉక్కు తలుపు వైపు చూసింది. సరిగ్గా అద్దం వైపే చూసింది. నాగేశ్వరి గొంతు చించుకుని అరిచింది. అరుపుతో పాటు వెళ్ళిన ఊపిరి అద్దాన్ని తెల్లగా కప్పేసింది. తుడిచింది. తారక్ సంచి కోసం చెయ్యి చాపాడు, బరువు తాను మోస్తానన్నట్టు. మళ్ళీ అరిచింది. మళ్ళీ తెల్లబడింది. వెనక నుంచి ధాత్రి పాక్కుంటూ వచ్చి, మొద్దుబారిన చేతులతో తలుపు కొడుతోంది. నాగేశ్వరి మళ్ళీ తుడిచింది.

సంచి తారక్ భుజం మీద ఉంది. యుస్రా అతనికన్నా ముందు, దాదాపు పరిగెడుతూ, వెనక సందులోకి వెళ్ళిపోతోంది.